అడవి, సాగు చేను, మేత బీడు: నేల సూక్ష్మజీవుల వైవిధ్యంలో తేడాను సరిగ్గా కొలవాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక అడవి, దాని పక్కన సాగు చేను, కాస్త దూరంలో పశువుల మేత బీడు. ఒక్కో చోట 10 చొప్పున మొత్తం 30 మట్టి నమూనాలు తీసి, డీఎన్‌ఏ వేరుచేసి, 16ఎస్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా రకాలను గుర్తుపట్టే జన్యువును చదవడం) చేయిస్తే, సాగు వల్ల సూక్ష్మజీవుల వైవిధ్యం ఎంత తగ్గిందో చెప్పవచ్చా?

ఈ పద్ధతిలో చెప్పలేరు. ఆ అడవి మట్టికీ ఆ చేను మట్టికీ తేడా ఉందని మాత్రం గట్టిగా చెప్పగలరు. అంతమాత్రం చెప్పడానికి సీక్వెన్సింగ్ అక్కర్లేదు. ఏ రెండు చోట్ల మట్టి తీసినా తేడా వస్తుంది, ఒకే అడవిలో రెండు మూలల్లో తీసినా వస్తుంది. ఒకే చేనులో తీసిన 10 నమూనాలు పది మంది సాక్షులు కారు. ఒకే సాక్షి పదిసార్లు చెప్పిన మాట. చేను ఒక్కటే కాబట్టి సాగు అనే అంశానికి మీ దగ్గరున్న పునరావృతి కూడా ఒక్కటే. దీనికి సూడోరెప్లికేషన్ (లేని పునరావృతిని ఉన్నట్టు లెక్కించడం) అని పేరు పెట్టి, పర్యావరణ పరిశోధనల్లో ఇది ఎంత విరివిగా జరుగుతోందో హర్ల్‌బర్ట్ 1984లోనే చూపించాడు. అయినా మట్టి సీక్వెన్సింగ్ పనుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

అవే 30 నమూనాలను వేరేగా పంచండి. అడవి, చేను, బీడు మూడూ దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతాన్ని ఒక బ్లాకు అనుకోండి. అలాంటి బ్లాకులు 10 వెతికి, ఒక్కో బ్లాకులో ఒక్కో భూ వినియోగం (అడవి, సాగు, మేత) నుంచి ఒక్కో ప్లాటు తీసుకోండి. ఖర్చు అంతే, తిరుగుడు ఎక్కువ. కానీ జవాబు వచ్చేది ఆ తిరుగుడు వల్లే.

పదే ఎందుకు, ఐదు చాలవా అంటే, చిన్న లెక్క వేసి చూడాలి. సమూహాల మధ్య తేడాను పరీక్షించేందుకు అందరూ వాడే పెర్మనోవా, ఏ ప్లాటు అడవి, ఏది చేను అన్న పేర్లను తారుమారు చేసి పీ విలువ (నిజమైన తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) కడుతుంది. బ్లాకులున్నప్పుడు ఆ తారుమారు బ్లాకు లోపలే జరగాలి. అడవిని చేనుతో పోల్చేటప్పుడు ఒక్కో బ్లాకులో రెండే అమరికలు సాధ్యం. 5 బ్లాకులకు 2×2×2×2×2, అంటే 32. అసలు అమరిక ఒకటి, దానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది ఇంకొకటి, రెండూ ఒకే విలువ ఇస్తాయి. కాబట్టి రాగల అతి చిన్న పీ విలువ 2/32, అంటే 0.0625. తేడా ఎంత పెద్దదైనా మామూలు హద్దు 0.05 కిందికి దిగనే దిగదు. 6 బ్లాకులైతే 0.031. మూడు జతలను పోలుస్తున్నందుకు బాన్ఫెరోని సవరణ (హద్దును పోలికల సంఖ్యతో భాగించడం) చేస్తే హద్దు 0.0167 అవుతుంది. దాన్ని దాటాలంటే కనీసం 7 బ్లాకులు కావాలి (2/128, అంటే 0.0156). ఏదైనా బ్లాకు చెడిపోతుందనుకుని 10 పెట్టుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు.

బ్లాకు ఎంపికలో ఒక ఉచ్చు ఉంది. మనుషులు భూమిని చీటీలు తీసి పంచుకోలేదు. సారమున్న, చదునైన, నీరు నిలవని నేలను ముందు దున్నారు. రాళ్లూ వాలూ ఉన్నది అడవిగా మిగిలింది. మీరు కొలిచే తేడాలో కొంత దున్నకముందు నుంచే ఉన్నది కావచ్చు. దీన్ని పట్టుకోవడానికి చవకైన ఉపాయం, 40–60 సెం.మీ. లోతు మట్టి తీసి బంకమన్ను శాతం చూడటం. నాగలి అంత లోతుకు సాధారణంగా వెళ్లదు, కొన్ని పదుల ఏళ్ల సాగు అక్కడి ఇసుక, ఒండ్రు, బంకమన్ను పాళ్లను పెద్దగా మార్చదు. ఒకే బ్లాకులోని మూడు ప్లాట్లలో లోతు మట్టి బంకమన్ను ఒకటి 18 శాతం, ఇంకొకటి 40 శాతం ఉంటే అవి మొదటి నుంచీ వేర్వేరు నేలలు. ఆ బ్లాకును వదిలేయండి. వాలు, మాతృశిల, ఎత్తు కూడా కలవాలి. ప్రతి ప్లాటూ ఎన్నేళ్లుగా ఆ వాడకంలో ఉందో రాసుకోండి. మూడేళ్ల కిందట కొట్టేసిన అడవినీ ముప్పై ఏళ్ల చేనునూ ‘సాగు’ అనే ఒకే గంపలో వేయకూడదు.

ఇక మట్టి తీయడం. ప్లాటు 20×20 మీటర్లు ఉంటే చాలు. గట్టు, దారి, అడవి అంచు నుంచి కనీసం 20 మీటర్లు లోపలికి జరగండి. ప్లాటంతా వంకరటింకరగా నడుస్తూ 12 నుంచి 15 కోర్లు (గొట్టంలా తీసిన మట్టి ముక్కలు) తీసి ఒకే శుభ్రమైన సంచిలో కలపండి. చేనులో సాళ్లు, సాళ్ల మధ్య ఖాళీ రెండూ సమానంగా రావాలి. అన్నీ మొక్క మొదట్లోనే తీస్తే మీరు కొలిచేది మొక్కల వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని, చేనును కాదు. బీడులో పేడ పడిన చోటు, పశువులు పడుకునే చోటు తప్పించండి. అడవిలో ఆకుల పొరను చేత్తో పక్కకు తోసి, ఖనిజ మట్టి మొదలయ్యే దగ్గర నుంచి లోతు కొలవండి. ఒకరు ఆకు పొర పైనుంచి, ఇంకొకరు కింది నుంచి కొలిస్తే ఆ ఒక్క తేడాయే భూ వినియోగం తేడాను మించిపోతుంది.

లోతు ఎంత అన్నది నిజంగా చిక్కు ప్రశ్న. అడవిలో మొదటి 5 సెం.మీ.లో కర్బనమూ సూక్ష్మజీవులూ దట్టంగా ఉండి, కిందికి వెళ్లేకొద్దీ గబగబా తగ్గుతాయి. చేనులో దుక్కి 15–20 సెం.మీ. వరకు అంతా కలిపేస్తుంది. అందుకే 0–5 తీస్తే చేను చాలా పేదగా, 0–20 తీస్తే అంత పేదగా కాకుండా కనిపిస్తుంది. రెండూ నిజాలే. వీలైతే 0–10, 10–20 విడివిడిగా తీయండి. డబ్బు చాలకపోతే 0–10 మాత్రమే సీక్వెన్సింగ్‌కు పంపి, రెండోది గడ్డకట్టించి దాచండి.

పనిముట్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి సరిపెట్టుకుంటారు చాలామంది. ఆల్కహాల్ క్రిములను చంపుతుంది కానీ డీఎన్‌ఏను నాశనం చేయదు. ముందు అంటిన మట్టి పోయేలా బ్రష్‌తో రుద్ది, 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో (మామూలు 5 శాతం బ్లీచ్ ద్రావణాన్ని పదింతలు పలచన చేస్తే చాలు) తుడిచి, శుభ్రమైన నీటితో కడగండి. కడగకపోతే మిగిలిన క్లోరిన్ మీ నమూనాలోని డీఎన్‌ఏనే తింటుంది, మట్టి తీసే ఆగర్ కూడా తుప్పు పడుతుంది. అదే ప్లాటులో ఒక కోర్‌కీ ఇంకో కోర్‌కీ మధ్య ఇదంతా అక్కర్లేదు, ప్లాటు మారినప్పుడు చేయండి.

అన్ని బ్లాకులూ ఒకటి రెండు వారాల్లో పూర్తి కావాలి. ఎరువు వేసిన వెంటనే, దున్నిన వెంటనే, పెద్ద వాన పడిన వెంటనే వెళ్లకండి. అంతకంటే ముఖ్యం, ఒక రోజంతా అడవులూ మర్నాడంతా చేలూ అన్న పద్ధతి వద్దు. ఒక బ్లాకులోని మూడు ప్లాట్లనూ ఒకే రోజు తీస్తే వాతావరణం తేడా బ్లాకు తేడాలో కలిసిపోతుంది, వినియోగం మీద పడదు.

సంచులను ఐస్ పెట్టెలో తెచ్చి, ఆ రోజో మర్నాడో 2 మి.మీ. జల్లెడ పట్టండి. బంకమట్టి తడిగా ఉంటే జల్లెడలోంచి దిగదు, పేస్టులా సాగుతుంది. అప్పుడు శుభ్రమైన ట్రేలో కొన్ని గంటలు పలచగా ఆరనిచ్చి పట్టండి. అలా చేస్తే అన్ని నమూనాలకూ చేయండి. జల్లెడ పట్టాక బాగా కలిపి మూడు భాగాలు చేయండి: డీఎన్‌ఏ కోసం 15 గ్రాములు చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 80 డిగ్రీల దగ్గర (లేకపోతే మైనస్ 20, కానీ కరిగి మళ్లీ గడ్డకట్టే పరిస్థితి రాకూడదు), జీవద్రవ్యం (సూక్ష్మజీవుల మొత్తం బరువు) కొలతకు 100 గ్రాములు 4 డిగ్రీల దగ్గర, మిగతాది నీడన ఆరబెట్టి రసాయన పరీక్షలకు.

రసాయన పరీక్షల్లో ఒక్కటే చేయగలిగితే పీహెచ్ చేయండి. మన వ్యవసాయ పుస్తకాల్లో ఉదజని సూచిక అంటారే, అదే. ఫియరర్, జాక్సన్ 2006లో ఉత్తర, దక్షిణ అమెరికాల మట్టి నమూనాలను పోల్చినప్పుడు బ్యాక్టీరియా వైవిధ్యాన్ని అన్నిటికంటే బాగా వివరించింది ఉష్ణోగ్రతా కాదు, వర్షపాతమూ కాదు, పీహెచ్. తటస్థ నేలల్లో వైవిధ్యం ఎక్కువ, ఆమ్ల నేలల్లో తక్కువ. ఇక ఊహించండి: అడవి నేల పీహెచ్ 4.8, సున్నం వేసిన చేను 6.5. చేనులోనే బ్యాక్టీరియా రకాలు ఎక్కువ వస్తాయి. ‘సాగు వల్ల ఎంత తగ్గింది’ అని బయల్దేరినవారికి ఇది దిమ్మతిరిగే ఫలితం, కానీ ఇందులో వింతేమీ లేదు. రకాలు ఎక్కువైతే నేల ఆరోగ్యం బాగున్నట్టు అనే సూత్రం నేలలో పనిచేయదు.

పీహెచ్‌ను గణాంక మోడల్‌లో పెట్టాలా వద్దా అని తరచూ వాదులాడుకుంటారు. రెండు లెక్కలూ చేయండి, కానీ అవి రెండు వేర్వేరు ప్రశ్నలని గుర్తుంచుకోండి. పీహెచ్ లేకుండా చేస్తే వినియోగం మొత్తం ప్రభావం, అందులో సున్నమూ ఎరువూ తెచ్చిన మార్పు కూడా కలిసే ఉంటుంది. పీహెచ్ పెట్టి చేస్తే ఆ దారిని మూసేసి, ఇంకా మిగిలిన ప్రభావం ఎంత అని అడిగినట్టు. పీహెచ్ పెట్టగానే వినియోగం ప్రభావం మాయమైతే ‘ప్రభావం లేదు’ అని రాయకూడదు. ఆ ప్రభావం ఎక్కువగా పీహెచ్ దారిన వస్తోందని రాయాలి. అయితే తేడా దున్నకముందు నుంచే ఉన్నదైతే ఈ మాట చెల్లదు. పైన లోతు మట్టి చూడమన్నది అందుకే. పీహెచ్ తర్వాత సేంద్రియ కర్బనం, మొత్తం నత్రజని, లభ్య భాస్వరం, తేమ, స్థూల సాంద్రత (ఘన సెం.మీ. నేలలో పొడి మట్టి బరువు) కొలవండి. స్థూల సాంద్రతను వదిలేస్తారు కానీ అది ఎంత అవసరమో కింద కనిపిస్తుంది.

డీఎన్‌ఏ వేరుచేసే కిట్లు సాధారణంగా 0.25 గ్రా. మట్టి తీసుకుంటాయి. 400 చదరపు మీటర్లకు పావు గ్రాము ప్రతినిధి అన్నమాట. కాబట్టి ఒక్కో నమూనాకు రెండు మూడు సార్లు వేరుచేసి కలపండి. అడవి మట్టిలో హ్యూమిక్ ఆమ్లాలు (కుళ్లిన ఆకుల నుంచి వచ్చే గోధుమ రంగు పదార్థాలు) ఎక్కువ, అవి డీఎన్‌ఏతో పాటే వచ్చి, డీఎన్‌ఏ కాపీలను పెంచే చర్య అయిన పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ద్రావణం లేత గోధుమ రంగులో ఉన్నా, కాంతి శోషణతో డీఎన్‌ఏ శుద్ధతను చెప్పే 260/230 నిష్పత్తి 1 కంటే తక్కువ వచ్చినా అనుమానించండి. నిర్ధారణ సులువు: అదే డీఎన్‌ఏను నేరుగా ఒకసారి, పదింతలు పలచన చేసి ఒకసారి, కాపీలు ఎన్నున్నాయో కొలిచే క్యూపీసీఆర్‌లో పెట్టండి. అడ్డంకి లేకపోతే రెండింటి సీటీ విలువల (ఎన్నో సైకిల్‌లో సంకేతం కనిపించిందో చెప్పే సంఖ్యల) మధ్య తేడా 3.3 సైకిళ్ల దగ్గర ఉండాలి. 1.5 మాత్రమే ఉంటే చిక్కగా ఉన్నదాంట్లో పీసీఆర్ ఊపిరాడక కొట్టుకుంటోందని అర్థం. అప్పుడు పలచన చేసి వాడండి, లేదా అడ్డుపడే పదార్థాలను పట్టేసుకునే ప్రోటీన్ అయిన బీఎస్‌ఏ కలపండి. ఏది చేసినా మూడు వినియోగాలకూ ఒకేలా చేయాలి.

వేరుచేసే వరుసను కూడా చీటీలు వేసి నిర్ణయించండి. సోమవారం అడవి, మంగళవారం చేను అని చేస్తే కిట్ తేడా, చేతి తేడా అన్నీ వినియోగం తేడాగా మారువేషం వేస్తాయి. ఇది జరిగాక ఏ గణాంక పద్ధతీ విడదీయలేదు. ప్రతి విడతలో మట్టి వేయని ఖాళీ గొట్టం ఒకటి, మొత్తం మీద తెలిసిన జాతుల మిశ్రమం ఒకటి పెట్టి, వాటినీ సీక్వెన్సింగ్‌కు పంపండి. జెల్ మీద బ్యాండ్ (డీఎన్‌ఏ ఉందని చూపే గీత) రాలేదని ఖాళీ గొట్టాన్ని ఆపేయడం పొరపాటు.

మట్టిలోని డీఎన్‌ఏ అంతా బతికున్న జీవులది కాదు. 2016లో కరీనీ బృందం చూపించిన లెక్కలో సగటున 40 శాతం చనిపోయిన కణాలదే, మట్టిని బట్టి అది మారుతుంది. ఇటీవల దున్నిన, కొత్తగా మార్చిన భూమిలో పాత అడవి జీవుల డీఎన్‌ఏ ఇంకా మిగిలి, మార్పు తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. అన్నిటికీ ఆ డీఎన్‌ఏను తొలగించే రసాయన చర్య చేయనక్కర్లేదు కానీ మార్పు ఈమధ్యదైతే ఆలోచించండి.

ప్రైమర్ల (ఏ జన్యు భాగాన్ని కాపీ చేయాలో గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కల) విషయంలో కొత్తదనం కోసం పోకండి. బ్యాక్టీరియాకూ, వాటిలా కనిపించే వేరే ఏకకణ జీవులైన ఆర్కియాలకూ 515ఎఫ్–806ఆర్ జత, అది కూడా తర్వాత సవరించిన రూపం వాడండి. పాత 515ఎఫ్ అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాలను తక్కువగా పట్టేది. నత్రజని ఎరువులు పడే చేను మీద పనిలో అవి జారిపోతే ఎలా? శిలీంధ్రాలకు 16ఎస్ పనికిరాదు, వాటిని గుర్తుపట్టే ఐటీఎస్2 భాగాన్ని విడిగా చేయించాలి. అడవిని చేనుతో పోల్చేటప్పుడు అసలు కథ తరచూ శిలీంధ్రాల్లోనే ఉంటుంది. చెట్లతో కలిసి బతికే ఎక్టోమైకోరైజా జాతులు చెట్లతో పాటే పోతాయి. డబ్బు ఒకదానికే ఉంటే ఎక్కువ బ్లాకులు, తక్కువ రీడ్స్ (సీక్వెన్సర్ చదివిన డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి రెండూ చేయించండి. నమూనాకు 20–30 వేల మంచి రీడ్స్ ఈ పోలికకు చాలు. 2 లక్షల రీడ్స్ కొనేవాళ్లు ఆ డబ్బుతో ఇంకో రెండు బ్లాకులు చూసి ఉండాల్సింది.

కంప్యూటర్ పనిలో రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ఐటీఎస్ రీడ్స్‌ను 16ఎస్ లాగా ఒకే పొడవుకు కత్తిరించడం. ఐటీఎస్ పొడవు జాతిని బట్టి మారుతుంది, స్థిర పొడవుకు కోస్తే పొట్టి ఐటీఎస్ ఉన్న జాతులు అసలుకే పోతాయి. కట్అడాప్ట్ అనే ప్రోగ్రాంతో ప్రైమర్లు రెండు వైపులా తీసేసి, నాణ్యతను బట్టి మాత్రమే వడకట్టండి. రెండు, రీడ్స్‌లోని తప్పులు సరిచేసే డాడా2 ప్రోగ్రాం ఇచ్చిన పట్టికతో, మొత్తం రకాలను అంచనా వేసే చావో1 లెక్కించడం. ఒక్కసారే కనిపించిన సీక్వెన్సుల సంఖ్య మీద చావో1 నిలబడుతుంది, డాడా2 మామూలుగా వాటిని ఉంచదు. పునాది తీసేసి మేడ కొలిచినట్టుంటుంది. దానికి బదులు అన్ని నమూనాలనూ ఒకే రీడ్స్ సంఖ్యకు యాదృచ్ఛికంగా తగ్గించి (రేరిఫై చేసి), వైవిధ్యాన్ని రకాల సంఖ్యగా చెప్పే హిల్ సంఖ్యలు ఇవ్వండి: రకాల లెక్క (క్యూ = 0), షానన్ నుంచి వచ్చేది (క్యూ = 1), సింప్సన్ నుంచి వచ్చేది (క్యూ = 2). క్యూ పెరిగేకొద్దీ అరుదైన రకాల ప్రభావం తగ్గుతుంది. మొదటిది పెరిగి మూడోది మారకపోతే, పెరిగినవన్నీ అరుదైన రకాలేనని తెలుస్తుంది. 16ఎస్ పట్టికలోంచి క్లోరోప్లాస్టు, మైటోకాండ్రియా సీక్వెన్సులు తీసేయడం మరవకండి.

ఒక్కో ప్లాటులోని వైవిధ్యం కంటే ప్లాట్ల మధ్య వైవిధ్యం ఎక్కువ విషయం చెబుతుంది. అమెజాన్‌లో అడవిని మేత భూమిగా మార్చిన చోట్ల 2013లో రోడ్రిగ్స్ బృందం చూసింది ఇదే. ఒక్కో చోట బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, కానీ చోటుకూ చోటుకూ మధ్య తేడా తగ్గిపోయింది. ఎక్కడ చూసినా అవే రకాలు. ఒక్కో చోటి సంఖ్య మాత్రమే చూసి ఉంటే మంచే జరిగిందనుకునేవారు. ఒకే అడవి, ఒకే చేనుతో చేసే పనిలో ఈ విషయం కనిపించే అవకాశమే లేదు. పెర్మనోవాతో పాటు, సమూహాల లోపలి చెదురుదనాన్ని పోల్చే పెర్మ్‌డిస్ప్ కూడా నడపండి. సమూహాల చెదురుదనం వేర్వేరుగా ఉంటే పెర్మనోవా దాన్ని కూడా ‘తేడా’గా చూపిస్తుంది. అయితే ఇక్కడ ఆ చెదురుదనం తగ్గడాన్ని దోషంగా కొట్టిపారేయకండి, బహుశా అదే మీ ముఖ్య ఫలితం.

సీక్వెన్సింగ్ ఇచ్చేవన్నీ పాళ్లే. మొత్తం ఎంత ఉందో దానికి తెలియదు. అందుకే క్యూపీసీఆర్ తోడు కావాలి. ఒక ఉదాహరణ: తడి మట్టి 10.00 గ్రాములను 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెడితే 8.20 గ్రా. మిగిలింది. అంటే మీరు తీసిన 0.25 గ్రా. తడి మట్టిలో పొడి మట్టి 0.205 గ్రా. డీఎన్‌ఏను 100 మైక్రోలీటర్లలోకి తీసి, పదింతలు పలచన చేసి, 2 మైక్రోలీటర్లు వేస్తే క్యూపీసీఆర్ 16ఎస్ జన్యువు కాపీలు 4 లక్షలు చూపించింది. 4 లక్షలు × 10 (పలచన) × 50 (100లో 2 మైక్రోలీటర్లే వేశారు కనుక) = 20 కోట్లు. దాన్ని 0.205తో భాగిస్తే గ్రాము పొడి మట్టికి సుమారు 97.6 కోట్లు. తడి బరువుతోనే భాగించి ఉంటే 80 కోట్లే వచ్చేది. అడవి మట్టి తడిగా, చేను మట్టి పొడిగా ఉన్న రోజు ఈ ఒక్క పొరపాటే తేడాను పుట్టిస్తుంది.

ఇక స్థూల సాంద్రత. అడవిలో ఘన సెం.మీ.కు 1.0 గ్రా., పశువులు తొక్కిన బీడులో 1.4 గ్రా. అనుకుందాం. చదరపు మీటరుకు 10 సెం.మీ. లోతులో అడవి మట్టి 100 కిలోలు, బీడు మట్టి 140 కిలోలు. గ్రాముకు లెక్కేస్తే బీడులో కాపీలు 30 శాతం తక్కువ వచ్చినా, చదరపు మీటరుకు లెక్కేస్తే 0.7 × 1.4 = 0.98. దాదాపు సమానం. ఏ లెక్కలో చెబుతున్నారో శీర్షికలోనే రాయండి, వీలైతే రెండూ ఇవ్వండి. 16ఎస్ జన్యువు ఒక్కో బ్యాక్టీరియాలో ఒకటి నుంచి పదికి పైగా కాపీలు ఉంటుంది కాబట్టి ‘కాపీలు’ అనే రాయండి, ‘కణాలు’ అనొద్దు.

16ఎస్ పట్టికలోంచి సాఫ్ట్‌వేర్‌తో జీవక్రియలను ఊహించి పటాలు గీయడం తేలిక. మట్టి బ్యాక్టీరియాలో చాలావాటికి జన్యుపటం లేదు కనుక ఆ పటాలను ఫలితంగా చూపకండి. నేల చేసే పని తెలియాలంటే పనినే కొలవండి: శ్వాసక్రియ, ఎంజైముల చురుకు, క్లోరోఫాం ధూపనంతో జీవద్రవ్య కర్బనం.

మీరు చెప్పిన ఆ 30 నమూనాలూ ఇప్పటికే తీసి ఫ్రీజర్‌లో ఉంటే పారేయకండి. ఒక్కో చోటి పదింటి నుంచి సమానంగా మట్టి కలిపి మూడు మిశ్రమాలు చేయండి, అది మీ మొదటి బ్లాకు. ఒక్కో చోటి నుంచి నాలుగు నమూనాలను మాత్రం విడిగా కూడా చేయిస్తే, ప్లాటు లోపలి తేడా ఎంతో తెలిసి, ఇకమీదట 12 కోర్లు చాలునా అన్నది తేలుతుంది. మిగతా తొమ్మిది బ్లాకులను వచ్చే ఏడాది ఇదే కాలంలో, ఇదే లోతులో తీయండి. మొదటి బ్లాకులోని మూడు ప్లాట్లనూ వాటితో పాటు మళ్లీ తీయాల్సిందే. లేకపోతే ఏడాది తేడా ఏదో, చోటు తేడా ఏదో విడదీయడం కుదరదు.